త్రిపురికి ముందు, తరువాత – డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య

గెలుపు వలన ప్రసిద్ధి పొందినవారు చరిత్రలో ఎందరో ఉన్నారు. ఓటమి వలన ప్రసిద్ధి పొందినవారు బహు కొద్దిమంది. డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య ఆ కొద్దిమందిలో ఒకరు. 1939 జనవరి 29న జరిగిన భారత జాతీయ కాంగ్రెసు అధ్యక్ష ఎన్నికలో ఆయన సుభాష్ చంద్రబోస్ చేతిలో పరాజితులయ్యారు. ఆ పరాజయం పట్టాభిది కంటె తనదే ఎక్కువ అని గాంధీజీ ప్రకటించారు. నాటి నుండి ఆ ప్రకటన ప్రస్తావనకు వచ్చిన ప్రతిచోటా పట్టాభి పేరు వినిపిస్తూనే ఉంది. తెలుగునేలకు వెలుపల ఆయనను ఎరిగినవారిలో పెక్కుమందికి తెలిసినది ఆ ఒక్క సంఘటన మాత్రమే. డెబ్బై తొమ్మిది సంవత్సరాల జీవితాన్ని ఒక్క దినపు ఓట్ల లెక్కతో ముగించడం ఏ మనిషి విషయంలోనూ న్యాయం కాదు. అనేక సంస్థలకు ప్రాణం పోసిన పట్టాభి విషయంలో అది మరింత అన్యాయం.

పట్టాభి 1880 నవంబరు 24న ఏలూరు సమీపంలోని గుండుగొలను గ్రామంలో జన్మించారు. ఆ గ్రామం నేడు ఏలూరు జిల్లాలో ఉన్నది. బాల్యంలోనే తండ్రిని కోల్పోయిన ఆయనకు పేదరికం చిన్ననాడే పరిచయమైంది. తల్లి పడిన కష్టం, తన పట్టుదల కలిసి ఆయనను మద్రాసు క్రైస్తవ కళాశాల వరకు చేర్చాయి. అక్కడ బి.ఎ. పూర్తిచేసి, ఆపైన వైద్యవిద్య నభ్యసించి పట్టభద్రులై, మచిలీపట్నంలో వైద్యవృత్తి నారంభించారు. బందరు అని జనవ్యవహారంలో ఉన్న ఆ పట్టణం ఆనాడు తెలుగువారి జాతీయ చైతన్యానికి ముఖ్యకేంద్రాలలో ఒకటి. అక్కడ ముట్నూరి కృష్ణారావు, కోపల్లె హనుమంతరావు ఆయనకు సహచరులయ్యారు. ఈ ముగ్గురి కృషి ఫలితంగానే 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల వెలసింది. ప్రభుత్వోద్యోగాలకు గుమస్తాలను తయారుచేసే చదువుకు బదులుగా చేతిపనిని, దేశభాషను, దేశాభిమానాన్ని నేర్పే చదువు కావాలన్నది ఆ కళాశాల ఆశయం.

చేతినిండా పనివున్న వైద్యుడు వృత్తిని వదులుకోవడం సామాన్యమైన విషయం కాదు. పట్టాభి దానిని వదిలి దేశసేవకు పూనుకున్నారు. అయితే వైద్యుని దృష్టి మాత్రం ఆయనను విడిచిపోలేదనే చెప్పాలి. కృష్ణా డెల్టాలో పంటలకు కొదువలేదు. అయినా పెట్టుబడికి రైతు వడ్డీ వ్యాపారి గడప తొక్కవలసిందే. పంట చేతికి వచ్చేసరికి అందులో సగం వడ్డీల పాలయ్యేది. ఈ రోగానికి ఉపన్యాసం మందు కాదని పట్టాభి గ్రహించారు. 1923 నవంబరులో మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకును స్థాపించారు. పది లక్షల రూపాయల అధీకృత మూలధనంతో, లక్ష రూపాయల చెల్లించిన మూలధనంతో ఆ బ్యాంకు వ్యాపారం ప్రారంభించింది. అటుపిమ్మట 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీ, 1929లో భారతలక్ష్మీ బ్యాంకు వెలిశాయి. స్వరాజ్యం రాకముందే స్వరాజ్యానికి కావలసిన ఉపకరణాలను సమకూర్చుకోవాలన్న ఆలోచన వీటన్నిటి వెనుక కనిపిస్తుంది. సభావేదిక మీద గంటల తరబడి మాట్లాడగల వక్త, లెక్కల పుస్తకం ముందు అంతే ఓపికతో కూర్చోగలగడం రాజకీయ నాయకులలో అరుదుగా కనిపించే గుణం.

ఆంధ్రులకు ప్రత్యేక రాష్ట్రం కావాలన్న ఉద్యమానికి ఆదినుండి తోడ్పడినవారిలో పట్టాభి ముఖ్యులు. రాష్ట్రం మాట అటుంచి, ముందు కాంగ్రెసులోనైనా ఆంధ్రులకు ప్రత్యేక శాఖ ఉండాలని ఆయన వాదించారు. మద్రాసు రాష్ట్రంలో తెలుగు జిల్లాలకు వేరొక రాష్ట్ర కాంగ్రెసు సంఘం ఉండేటందుకు 1917లో అఖిల భారత కాంగ్రెసు సంఘం అంగీకరించింది. భాషను ప్రాతిపదికగా తీసుకొని పరిపాలనా విభాగాలు ఏర్పడాలన్న సిద్ధాంతం కాంగ్రెసులో వేళ్లూనడానికి ఇది నాంది అయింది. ఉప్పు సత్యాగ్రహ కాలంలోనూ ఆ తరువాతా ఆయన పలుమార్లు కారాగారవాసం చేశారు. 1935లో కాంగ్రెసు స్వర్ణోత్సవాల సందర్భంగా ఆ సంస్థ చరిత్రను ఆంగ్లంలో బృహద్గ్రంథంగా రచించారు. స్వదేశ సంస్థానాల ప్రజల ఉద్యమంలోనూ ముందునిలిచారు. 1939 నాటికి ఆయన కాంగ్రెసు కార్యవర్గంలో ఎంతో అనుభవమున్న సభ్యులు.

ఆయనకు ఎదురుగా నిలిచిన సుభాష్ చంద్రబోస్ జీవితం వేరొక బాణీలో నడిచింది. 1897 జనవరి 23న కటకంలో జన్మించిన సుభాష్ పట్టాభి కంటె పదహారేళ్లు చిన్నవారు. ఐ.సి.ఎస్. పరీక్షలో ఉత్తీర్ణులై కూడ 1921లో ఆ ఉద్యోగాన్ని త్యజించారు. 1938లో హరిపురా కాంగ్రెసుకు అధ్యక్షులయ్యారు. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత దేశాన్ని ఎలా నిర్మించాలన్నది ముందే ఆలోచించాలని తలచి, జవాహర్‌లాల్ నెహ్రూ అధ్యక్షతన జాతీయ ప్రణాళికా సంఘాన్ని ఏర్పాటు చేయించారు. పట్టాభి బందరులో బ్యాంకు రూపంలో చేసిన ఆలోచననే సుభాష్ దేశమంతటికీ ప్రణాళిక రూపంలో చేశారనవచ్చు. ప్రత్యర్థులుగా పేరుపడిన ఈ ఇద్దరిలో ఇటువంటి పోలికలు ఉన్నవన్న సంగతి సాధారణంగా ఎవరి దృష్టికీ రాదు.

ఆ ఎన్నికకు దారితీసిన పరిస్థితులను కొంత వివరంగా చెప్పుకోవాలి. హరిపురా కాంగ్రెసు తరువాత మరొక సంవత్సరం కూడ అధ్యక్షునిగా కొనసాగాలని సుభాష్ నిశ్చయించుకొన్నారు. యూరపులో యుద్ధమేఘాలు కమ్ముకొంటున్నవి. బ్రిటన్ చిక్కులలో పడిన సమయంలోనే గట్టిగా దెబ్బతీయాలని ఆయన అభిప్రాయం. గాంధీజీ, వారి అనుయాయులు ఇందుకు సమ్మతించలేదు. వారు మొదట మౌలానా అబుల్ కలాం ఆజాద్‌ను అభ్యర్థిగా భావించారు. ఆజాద్ పోటీనుండి విరమించుకొని పట్టాభి పేరును సూచించారు. పోటీనుండి తప్పుకోవాలనే తలపు పట్టాభికి ఉండేది; తప్పుకోవద్దని గాంధీజీ ఆయనకు నచ్చచెప్పారు. అంటే చరిత్రలో ఆయనకు శాశ్వతంగా అంటుకొన్న ఆ పోటీని ఆయన కోరి తెచ్చుకోలేదు.

పోలింగుకు ముందే వివాదం రగుల్కొన్నది. అధ్యక్షుని ఎన్నిక ఏకగ్రీవంగా జరగడమే సంప్రదాయమనీ, విధానాలను నిర్ణయించేది కార్యవర్గమూ మహాసభలే కనుక అధ్యక్షపదవి కోసం విధానాల మీద పోటీ అనవసరమనీ సర్దార్ పటేల్, రాజేంద్రప్రసాద్ మొదలైన కార్యవర్గ సభ్యులు ఒక ప్రకటన చేశారు. పట్టాభిని ఎన్నుకోవలసిందిగా కోరారు. సుభాష్ దీనిని అంగీకరించలేదు. అధ్యక్షుడు కేవలం సభను నడిపే పెద్ద కాదనీ, ప్రతినిధులు తమకు నచ్చిన కార్యక్రమానికి ఓటు వేయడమే ప్రజాస్వామ్యమనీ ఆయన వాదం. అక్కడితో ఆగక, 1935 చట్టంలోని సమాఖ్య పథకం విషయంలో మితవాద నాయకులు ప్రభుత్వంతో రాజీపడే ప్రమాదమున్నదని ఆయన అన్నారు. ఆ మాట కార్యవర్గ సభ్యుల మనసులను తీవ్రంగా గాయపరచింది. తోటివారి నిజాయితీని శంకించడం, అందుకు తగిన ఆధారం చూపకపోవడం సుభాష్ పక్షాన జరిగిన పొరపాటనే చెప్పాలి. పదవిలోనున్న అధ్యక్షునికి వ్యతిరేకంగా కార్యవర్గ సభ్యులు మూకుమ్మడిగా ప్రకటన చేయడం కూడ మర్యాద అనిపించుకోదు.

జనవరి 29న ఆయా రాష్ట్రాలలో ప్రతినిధులు ఓట్లు వేశారు. సుభాష్‌కు 1580, పట్టాభికి 1377 ఓట్లు వచ్చాయి. తేడా 203. వంగరాష్ట్రం అత్యధిక సంఖ్యలో సుభాష్ పక్షాన నిలిచింది. ఆంధ్ర, గుజరాతు, బీహారు రాష్ట్రాలు పట్టాభి వైపు మొగ్గాయి. లెక్కలో సందేహం లేదు. సందేహమంతా ఆ లెక్కకు అర్థమేమిటన్నదే. రెండు రోజుల తరువాత గాంధీజీ చేసిన ప్రకటన ఆ ప్రశ్నను మరింత జటిలం చేసింది. పోటీనుండి తప్పుకోకుండా పట్టాభిని నిలిపినది తానే కనుక ఓటమి కూడ తనదే అని ఆయన చెప్పారు. సుభాష్ దేశానికి శత్రువు కారని కూడ అన్నారు. అయితే తన మొగ్గు ఎటువైపో పోలింగుకు ముందు ఆయన బహిరంగంగా వెల్లడించలేదు. సుభాష్‌కు ఓటు వేసిన 1580 మందీ గాంధీజీ నాయకత్వాన్ని కాదన్నవారేనా? లేక యువకుడైన అధ్యక్షునికి మరొక అవకాశం ఇద్దామనుకొన్నవారా? ఆ ఓట్లలో ఈ రెండు రకాలవీ ఉన్నవనడమే సబబు. ఏది ఎంత అన్నది లెక్కించి చెప్పగలవారు లేరు. ఎన్నికలో గెలిచినవారికి ఆ గెలుపు అర్థమేమిటో నిర్ణయించే అధికారం మాత్రం దక్కలేదు.

ఫిబ్రవరిలో కార్యవర్గ సభ్యులలో అత్యధికులు రాజీనామా చేశారు. మార్చిలో జబల్పూరు సమీపంలోని త్రిపురిలో మహాసభ జరిగింది. యాభై రెండవ మహాసభ కనుక యాభై రెండు ఏనుగులతో ఊరేగింపు ఏర్పాటు చేశారు. తీవ్రజ్వరంతో బాధపడుతున్న అధ్యక్షుడు ఊరేగింపులో పాల్గొనలేకపోయారు. ఆయనను మంచం మీద సభాస్థలికి తీసుకొని వచ్చారు. ఆయన ఉపన్యాసాన్ని సోదరుడు శరత్ చంద్రబోస్ చదివారు. బ్రిటిషు ప్రభుత్వానికి ఆరు నెలల గడువు ఇవ్వాలన్నది అందులోని ముఖ్యాంశం. గాంధీజీ అప్పుడు రాజకోట సమస్యలో నిమగ్నులై ఉండి త్రిపురికి రాలేదు. నూతన కార్యవర్గాన్ని గాంధీజీ అభీష్టం మేరకే నియమించాలని గోవింద వల్లభ పంత్ ప్రవేశపెట్టిన తీర్మానం నెగ్గింది. తాను స్వయంగా కార్యవర్గాన్ని సూచించడానికి గాంధీజీ ఇష్టపడలేదు. ఆయన ఇష్టం తెలియకుండా కార్యవర్గాన్ని నియమించడానికి సుభాష్‌కు వీలులేదు. ఏప్రిల్ 29న సుభాష్ రాజీనామా చేశారు. ఆయన స్థానంలో అధ్యక్షులైనవారు పట్టాభి కారు, రాజేంద్రప్రసాద్. ఈ పోరాటంలో గెలిచినవారికి పదవి నిలువలేదు. ఓడినవారికి అది దక్కలేదు.

ప్రతినాయకుని గుణాధిక్యాన్ని వర్ణించి, అటువంటివానిని జయించినట్లు చెప్పడం వలన నాయకుని ఔన్నత్యం ఇనుమడిస్తుందని మన ఆలంకారికులు చెప్పారు. రావణుని విద్యావైభవాన్ని చెప్పకుండా రామకథ చెప్పినవారు లేరు. ఆధునిక చరిత్ర రచనలో ఈ ఔచిత్యం లోపించింది. సుభాష్ జీవిత చరిత్రలలో పట్టాభి తరచుగా ఒక పేరుగా, ఒక ఓట్ల సంఖ్యగా మాత్రమే మిగిలిపోయారు.

త్రిపురి తరువాత ఇద్దరి మార్గాలూ పూర్తిగా వేరయ్యాయి. సుభాష్ 1939 మే నెలలో ఫార్వర్డ్ బ్లాక్‌ను స్థాపించారు. 1941 జనవరిలో కలకత్తాలోని గృహనిర్బంధం నుండి తప్పించుకొని జర్మనీ చేరారు. 1943లో జలాంతర్గామిలో ప్రయాణించి తూర్పు ఆసియా చేరుకొని, అక్టోబరు 21న సింగపూరులో ఆజాద్ హింద్ ప్రభుత్వాన్ని ప్రకటించారు. ఆయన సముద్రగర్భంలో ప్రయాణిస్తున్న ఆ నెలలలోనే పట్టాభి అహమ్మదునగరు కోటలో బందీగా ఉన్నారు. 1942 ఆగస్టులో క్విట్ ఇండియా తీర్మానం తరువాత కాంగ్రెసు కార్యవర్గ సభ్యులను నిర్బంధించిన కోట అది. నెహ్రూ, పటేల్, ఆజాద్ మొదలైనవారు ఆయనకు సహఖైదీలు. పట్టాభి ఆ కారాగారవాసాన్ని దినచర్య రూపంలో గ్రంథస్థం చేశారు.

ఆజాద్ హింద్ ఫౌజులోని దళాలకు గాంధీ, నెహ్రూ, ఆజాద్ పేర్లు పెట్టారు. 1944 జులైలో రేడియో ప్రసంగంలో సుభాష్ గాంధీజీని జాతిపితగా సంబోధించి ఆశీస్సులు కోరారు. ఐదేళ్ల క్రితపు వైరం అందులో కనబడదు. 1945 ఆగస్టు 18న తైవానులో జరిగిన విమాన ప్రమాదం ఆయన జీవితాన్ని అంతం చేసింది. ఎర్రకోటలో ఫౌజు అధికారులపై విచారణ జరిగినప్పుడు వారి తరపున వాదించడానికి కాంగ్రెసే న్యాయవాదులను నిలిపింది; నెహ్రూ సైతం న్యాయవాది దుస్తులు ధరించి న్యాయస్థానంలో ప్రవేశించారు.

పట్టాభి కాంగ్రెసు చరిత్ర రెండవ సంపుటం 1935 నుండి 1947 వరకు జరిగిన ఘట్టాలను వివరిస్తుంది. తానే పాత్రధారియై ఓడిపోయిన ఎన్నికకు తానే చరిత్రకారుడు కావలసిరావడం అపూర్వమైన పరిస్థితి. ఆ గ్రంథం కాంగ్రెసువాది దృష్టితో రచితమైనదన్న విమర్శ ఉన్నది. ఆ విమర్శలో నిజం లేకపోలేదు. అయినా తీర్మానాలను, ఉత్తరప్రత్యుత్తరాలను, సభల వృత్తాంతాలను ఒకచోట కూర్చిన ఆ రెండు సంపుటాలను సంప్రదించకుండా ఆ కాలపు చరిత్రను వ్రాయడం కష్టం. ఆయన విధానాలను అంగీకరించని పరిశోధకులు కూడ ఆ పుటలను తిరగవేయక తప్పదు.

త్రిపురిలో దక్కని అధ్యక్షపదవి పట్టాభికి 1948లో లభించింది. ఈసారి పురుషోత్తమదాస్ టాండన్‌పై పోటీచేసి విజయం సాధించి, ఆ డిసెంబరులో జయపూరు మహాసభకు అధ్యక్షత వహించారు. ఈ విజయాన్ని గుర్తుంచుకొన్నవారు తక్కువ. అయితే ఆయనకు అసలైన పరీక్ష ఆ పదవిలోనే ఎదురైంది. భాషారాష్ట్రాల విషయాన్ని పరిశీలించడానికి జవాహర్‌లాల్, వల్లభభాయి, పట్టాభి సభ్యులుగా ఒక సంఘం ఏర్పడింది. మూడు పేర్ల మొదటి అక్షరాలతో దానిని జె.వి.పి. సంఘమన్నారు. దేశ విభజన గాయాలు ఇంకా పచ్చిగా ఉన్న కాలమది. భాషారాష్ట్రాల ఏర్పాటును వాయిదా వేయడమే శ్రేయస్కరమని సంఘం 1949లో అభిప్రాయపడింది. ఆంధ్ర విషయంలో మాత్రం మినహాయింపు చూపి, మద్రాసు నగరంపై హక్కును వదులుకొంటే రాష్ట్రం ఏర్పాటు చేయవచ్చునన్నది.

ముప్పది సంవత్సరాలకు పైగా భాషారాష్ట్రం కోసం వాదించిన వ్యక్తి ఆ నివేదికపై సంతకం చేయడం తెలుగువారిలో పలువురికి మింగుడుపడలేదు. టంగుటూరి ప్రకాశం పంతులు వంటివారు మద్రాసును వదులుకోవడానికి అంగీకరించలేదు. ఆ నాటి కోపాన్ని అర్థం చేసుకోవచ్చు. కాని ఆ సంఘంలో పట్టాభి లేకపోయినట్లయితే ఆంధ్రకు ఆ మినహాయింపు దక్కేదా అన్న ప్రశ్నను కూడ వేసుకోవాలి. పొట్టి శ్రీరాములు ఆత్మార్పణ తరువాత, 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం అవతరించింది. అది మద్రాసు నగరం లేకుండానే అవతరించింది.

అప్పటికి పట్టాభి మధ్యప్రదేశ్ గవర్నరుగా ఉన్నారు. 1952 నుండి 1957 వరకు ఆయన ఆ పదవిని నిర్వహించారు. జబల్పూరు, దాని చెంతనున్న త్రిపురి ఆ రాష్ట్రంలోనివే. ఏ మహాసభకు అధ్యక్షులుగా వెళ్లలేకపోయారో, ఆ మహాసభ జరిగిన ప్రాంతానికి పదమూడేళ్ల తరువాత ఆయన గవర్నరు అయ్యారు.

ఇద్దరి వారసత్వాలనూ తూచిచూసేటప్పుడు ఒక చిక్కు ఎదురవుతుంది. సుభాష్ విడిచిపోయినది ప్రధానంగా ఉత్తేజం. జై హింద్ అన్న అభివాదం, సైనిక దుస్తులలోని ఆ రూపం, తెగించి దేశసరిహద్దులు దాటిన సాహసం జనహృదయంలో నాటుకొన్నవి. ఆయన మరణంపై అనుమానాలు సమసిపోకపోవడంతో 1956లో ఒక సంఘం, 1970లో ఒక కమిషను, 1999లో మరొక కమిషను విచారణ జరిపాయి. 2021లో ఆయన జన్మదినాన్ని పరాక్రమ దివసంగా కేంద్రప్రభుత్వం ప్రకటించింది. 2022లో ఢిల్లీలో ఇండియా గేటు వద్ద ఆయన విగ్రహం ప్రతిష్ఠితమైంది. నాజీ జర్మనీ, సామ్రాజ్యవాద జపాను సహాయం తీసుకోవడం సరియైనదేనా అన్న ప్రశ్న మాత్రం ఆ కీర్తిని నేటికీ వెన్నాడుతూనే ఉన్నది.

పట్టాభి వారసత్వం విగ్రహంగా నిలిపేందుకు వీలైనది కాదు. అది ఒక కళాశాల, ఒక బ్యాంకు, ఒక చరిత్రగ్రంథం, ఒక రాష్ట్రభావన. ఇటువంటివాటిని వాడుకొనేవారికి వాటిని నెలకొల్పినవారిని తలచుకోవలసిన అవసరం రాదు. విత్తనాలకు అప్పు తీసుకొన్న రైతుకు ఆ బ్యాంకు స్థాపకుడు ఎవరో తెలియకపోయినా అప్పు పుడుతుంది. జనాన్ని ఉర్రూతలూగించే శక్తి తనలో ఉన్నదని పట్టాభి ఎన్నడూ భావించినట్లు కనిపించదు. పైవారి మాటకు కట్టుబడి ఉండడం ఆయనకు బలమూ అయింది. కొన్ని సందర్భాలలో పరిమితీ అయింది. గాంధీజీ నిలబడమన్నప్పుడు నిలబడ్డారు. నెహ్రూ, పటేల్‌లతో కలిసి సంతకం చేయవలసి వచ్చినప్పుడు చేశారు. సుభాష్ అయితే ఆ రెండింటిలో ఒక్కటీ చేసి ఉండేవారు కాదేమో.

1959 డిసెంబరు 17న పట్టాభి కన్నుమూశారు. అప్పటికే జీవిత బీమా వ్యాపారం 1956లో జాతీయమైంది. 1980 ఏప్రిల్‌లో ఆంధ్రా బ్యాంకు కూడ జాతీయమైంది. హైదరాబాదు సైఫాబాదులోని ఆ బ్యాంకు ప్రధాన కార్యాలయానికి డాక్టర్ పట్టాభి భవన్ అని పేరు పెట్టారు. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకు ఆఫ్ ఇండియాలో విలీనమైంది. బందరులో లక్ష రూపాయలతో ప్రారంభమై తొంబై ఆరేళ్లకు పైగా నడిచిన ఆ పేరు బ్యాంకుల జాబితానుండి ఆ రోజున తొలగిపోయింది.